నాలుగింటికి చూసిన లాగ్ బుక్కు

ఇరవై ఏళ్ళు ఒక కంపెనీ తరఫున మాట్లాడాను. నేను రాసిన వాటిలో ఎక్కువమంది చదివింది ఎనిమిది వాక్యాల పత్రికా ప్రకటన. అందులో రెండు వాక్యాలు అబద్ధం. రాసేటప్పుడు అవి అబద్ధమని నాకు తెలియదు. అదే రోజు సాయంత్రం నాలుగింటికి తెలిసింది. తెలిశాక కూడా వాటిని అలాగే ఉంచాను.

కార్పొరేట్ కమ్యూనికేషన్స్ అని ఇప్పుడు దీనికి చదువులు వచ్చాయి. అవి చదివి పెద్ద కంపెనీల్లో చేరేవాళ్ళు కొందరు నన్ను వెతుక్కుంటూ వస్తారు. టీవీ చానెళ్ళను ఎలా తట్టుకోవాలి, విదేశీ కొనుగోలుదారులకు ఏం చెప్పాలి, యాజమాన్యానికీ జనానికీ మధ్య ఎక్కడ నిలబడాలి అని అడుగుతారు. ఇంతకాలం తెలివైన జవాబులు చెప్పి పంపించాను. ఈ రెండు వాక్యాల సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇది దాచుకుని మిగతావి చెప్పడం ఇక నా వల్ల కాదు.

ఉద్యోగం ఎలా ఉండేదంటే

తొంభైల మొదట్లో గుడివాడలో ఒక ప్రైవేటు హైస్కూల్లో తెలుగు చెప్పేవాణ్ణి. మా ఎండీ గారిది ఆ పక్క పల్లెటూరే. వరి పండించే కుటుంబం. రొయ్యల చెరువులతో మొదలుపెట్టి, గుడ్ల నుంచి రొయ్య పిల్లను తీసి రైతులకు అమ్మే హేచరీ కట్టి, ఆ తర్వాత బందరు బయట రొయ్యలు శుభ్రం చేసి గడ్డకట్టించి ఎగుమతి చేసే ప్లాంటు పెట్టారు. ఆయన రాయించుకునే ఉత్తరాలు దిద్దడానికి వెళ్ళి అక్కడే ఉండిపోయాను. ఎంత పెద్ద హోదా వచ్చినా ఆయనకు నేను మాస్టారినే.

మంచి మనిషి. కోపం వస్తే అరుస్తారు, అరిచిన పావుగంటకు టీ తెప్పిస్తారు. ఆయన చెడ్డవాడై ఉంటే ఈ కథ చెప్పడం నాకు ఇంకొంచెం తేలికయ్యేది.

ఆ రోజుల్లో బందరులో విలేకరులు నలుగురైదుగురు. సాయంత్రం బస్టాండు దగ్గర టీ కొట్టు ముందు కలిసేవాళ్ళు. పొద్దున ఏదైనా జరిగితే సాయంత్రం దాకా మాకు వ్యవధి ఉండేది. వెళ్ళి చూసి, పదిమందిని అడిగి, అప్పుడు రాసేవాణ్ణి. రాసినదాని కింద 'యాజమాన్యం' అని మాత్రమే ఉండేది, నా పేరు ఉండేది కాదు. అది నాకు నచ్చేది. పొగిడినా తిట్టినా యాజమాన్యాన్నే. నేను రాసి పక్కకు తప్పుకోవచ్చు.

తర్వాత సెల్‌ఫోన్లు వచ్చాయి, చానెళ్ళ కెమెరా బండ్లు వచ్చాయి. సరుకు కొనే విదేశీ కంపెనీలు గంటలో ఇంగ్లీషులో వివరణ పంపమనడం మొదలైంది. వ్యవధి పోయింది. దానితో పాటే వెళ్ళి చూడడమూ పోయింది. మార్పు అంటే నాకు అర్థమైంది ఇదే. చూడకముందే చెప్పాల్సి రావడం.

కృత్తివెన్నులో నేర్చుకున్న తప్పు పాఠం

రొయ్యలకు తెల్లమచ్చ తెగులు వచ్చిన ఏడు కృత్తివెన్ను వైపు చెరువులు వరసగా పోయాయి. మీ హేచరీ పిల్లలోనే రోగం ఉందని రైతులన్నారు. మా పిల్లలో లోపం లేదని నేను ప్రకటన ఇచ్చాను. వారం తిరక్కుండా ల్యాబు నుంచి రిపోర్టు వచ్చింది. ఒక విడతలో రోగం ఉంది. ఎండీ గారిని ఒప్పించి రెండో ప్రకటన రాశాను. ఆ విడత పిల్ల తీసుకున్నవాళ్ళు చెరువుల్లో వెయ్యవద్దని.

మర్నాడు రెండు ట్రాక్టర్ల నిండా జనం వచ్చి ఆఫీసు ముందు కూర్చున్నారు.

"ఏవండీ మాస్టారూ, మొన్న మంచిదన్నారు, ఇవాళ చెడ్డదంటున్నారు. ఎల్లుండేవంటారో అది కూడా ఇప్పుడే చెప్పెయ్యండి, మళ్ళీ డీజిలు ఖర్చు ఎందుకు!" అన్నాడొకాయన. జనం గొల్లున నవ్వారు. నేను తలుపు వేసుకున్నాను.

ఆ సాయంత్రం కారులో ఎండీ గారు అరవలేదు. మెల్లగా అన్నారు. "మాస్టారూ, తప్పో ఒప్పో మనం ఒక్క మాట మీద ఉండాలయ్యా. మాట మార్చిన రోజు మన మాటకి విలువుండదు."

ఆ మాట తలకెక్కించుకున్నాను. ఆ తర్వాత నా కింద చేరిన ప్రతివాళ్ళకూ మొదటి రోజు అదే చెప్పాను. మొదటి మాటే చివరి మాట కావాలని. వాళ్ళు రాసుకున్నారు కూడా. ఇప్పుడు వాళ్ళలో ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ కాగితం చించెయ్యండి.

ఆ రోజు

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో ఒక ఉదయం ప్లాంటులో అమ్మోనియా లీకైంది. రొయ్యలు గడ్డకట్టించడానికి వాడే గ్యాస్ అది. పక్క హాల్లో రొయ్యలు వలిచే ఆడవాళ్ళు ఉన్నారు. కృత్తివెన్ను నుంచి, దివిసీమ నుంచి తెల్లవారకముందే కంపెనీ బస్సుల్లో వచ్చేవాళ్ళు. చాలామంది దగ్గుతూ, కళ్ళు మండుతూ బయటపడ్డారు. ధనలక్ష్మి అనే ఆమె బయటికి రాలేకపోయింది. కృత్తివెన్ను దాటాక ఉన్న ఒక పేట ఆమెది.

నేను ఆఫీసులో ఉన్నాను. ప్లాంటు మేనేజరు ఫోను చేశాడు. "ఆపరేటర్ వాల్వు సరిగ్గా కట్టలేదు సార్. డ్యూటీలో అశ్రద్ధ."

కెమెరా బండి అప్పటికే బయల్దేరిందని తెలిసింది. ఎండీ గారు నా గదిలోకే వచ్చి నుంచున్నారు. "ఏదో పొరపాటు జరిగిందని రాయండి మాస్టారూ" అన్నారు.

నేనే వద్దన్నాను. "పొరపాటు అంటే మన మీదకి కూడా వస్తుంది సార్. ఆపరేటర్ నిర్లక్ష్యం అంటే ఆ మనిషి దగ్గరే ఆగుతుంది."

ఆయన "మీ ఇష్టం" అన్నారు.

ఎనిమిది వాక్యాలు రాశాను. అందులో మూడోదీ నాలుగోదీ ఆపరేటర్ గురించి. అరగంటలో అది టీవీ తెర కింద పరుగెత్తుతోంది. పత్రికలో జిల్లా పేజీకి రాసే సుబ్బారావు ఫోను చేశాడు. నా దగ్గర చదువుకున్నవాడు.

"గురువుగారూ, ఆపరేటర్ ఆపరేటర్ అంటే ఎలాగండీ? పేరు చెప్పండి. పేరు లేకపోతే వార్త నిలబడదు."

"కరీముల్లా" అన్నాను.

"ఏ ఊరండీ?"

"బందరే."

ఒక మనిషి పేరు ఇవ్వడానికి నాకు పట్టిన సమయం అంతే.

లాగ్ బుక్కు

మధ్యాహ్నం తర్వాత ప్లాంటుకి వెళ్ళాను. కెమెరాలకు ఏ వైపు చూపించవచ్చో చూడడానికి వెళ్ళాను, జరిగిందేమిటో తెలుసుకోవడానికి కాదు. మెషీన్ రూములో ఇంకా గొంతు పట్టేసే వాసన ఉంది. బల్ల మీద లాగ్ బుక్కు తెరిచి ఉంది. షిఫ్టు మారినప్పుడల్లా ఆపరేటర్లు యంత్రాల సంగతి రాసే పుస్తకం. గోడ గడియారం నాలుగు చూపిస్తోంది.

చదివే అలవాటు కొద్దీ పేజీలు తిప్పాను. గుండ్రటి అక్షరాలు. పదో తరగతి దాకా శ్రద్ధగా చదువుకున్నవాడి రాత. "రెండో కంప్రెసర్ వాల్వు దగ్గర వాసన వస్తున్నది. మార్చవలెను. మేనేజరు గారికి చెప్పితిని." కింద కరీముల్లా సంతకం. ఆ పక్కనే మేనేజరు పొట్టి సంతకం, చూశానని. నాలుగు పేజీల తర్వాత మళ్ళీ అదే. మొన్నటి పేజీలో మూడోసారి. ఈసారి ఒక వాక్యం ఎక్కువ ఉంది. "వలుపు హాల్లో ఆడవాళ్ళు ఉంటారు గనక తొందరగా మార్చవలెను."

అక్కడున్న ఫిట్టరు చెప్పాడు. లీకు మొదలవగానే అందరూ బయటికి పరుగెత్తితే కరీముల్లా ఒక్కడే తడిగుడ్డ మొహానికి చుట్టుకుని లోపలికెళ్ళి మెయిన్ వాల్వు కట్టాడట. "ఆడు కట్టకపోతే ఇంకా చానామంది పోయుండేవోళ్ళండీ. ఆస్పత్రిలో ఉన్నాడు. కళ్ళకి కట్లు కట్టారు."

జిల్లా పేజీ ముగించేది రాత్రి ఎనిమిదికి. నా చేతిలో నాలుగు గంటలున్నాయి. ఆఫీసులో ఫ్యాక్స్ ఉంది. సుబ్బారావు నంబరు నాకు నోటికొచ్చు. రెండు వాక్యాలు తీసేసి పంపితే చాలు.

ఎండీ గారికి ఫోను చేసి లాగ్ బుక్కులో ఉన్నది ఉన్నట్టు చదివాను. ఆయన, "పొద్దున ఒకటి చెప్పాం కదా. ఇప్పుడు మార్చాలంటారా? ఏం చేద్దాం మాస్టారూ?" అన్నారు.

నన్ను అడిగారు. ఇది నేను చాలాసార్లు నాకు నేను వేరేలా చెప్పుకున్నాను, ఆయన ఆజ్ఞ అయినట్టు. కాదు. ఆయన నిజంగానే అడిగారు. ఆ సాయంత్రం నేను మార్చుదాం అంటే మార్చేవారు.

"వద్దు సార్" అన్నాను. "ఒక్క మాట మీద ఉందాం."

పుస్తకం ఎక్కడుందో అక్కడే పెట్టి వచ్చేశాను. రెండు రోజుల తర్వాత తనిఖీకి వచ్చినవాళ్ళకు మేనేజరు కొత్త లాగ్ బుక్కు చూపించాడు. పాతదేమైందని నేను అడగలేదు.

ఆస్పత్రిలో

మర్నాడు పొద్దున పళ్ళ సంచులతో బందరు ఆస్పత్రికి వెళ్ళాను. ఒక ఫొటోగ్రాఫరు వెంట ఉన్నాడు. పరామర్శకు వెళ్ళడం కూడా నా ఉద్యోగంలో భాగమే. ధనలక్ష్మి అత్తగారు, వెంకమ్మ అని, వార్డు గుమ్మంలో నేల మీద కూర్చుని ఉంది. శవాన్ని ఇంకా ఇవ్వలేదు. నేను ఆమె చేతిలో సంచి పెట్టాను. ఆమె సంచి వంక చూడలేదు. లోపల చివరి మంచం వైపు చెయ్యి చూపించింది.

"బాబూ, పేపరు సదివి ఇనిపిచ్చారు. కరీముల్లా అంట. ఆడేనా? వాల్వు వదిలేసి నా కోడల్ని సంపినోడు ఆడేనా?"

ఆ మంచం మీద కరీముల్లా కళ్ళకు కట్లతో పడుకుని ఉన్నాడు. పక్కన భార్య, తల దించుకుని. ఆమె పొద్దుటి నుంచి ఆ మాటలే వింటోందని తెలుస్తోంది.

"విచారణ జరుగుతోందమ్మా" అన్నాను.

చదవడానికి ఆ వాక్యంలో తప్పేమీ లేదు. అందుకే మా వృత్తిలో దాన్ని ఇంతగా వాడతాం.

నా గొంతు విని కరీముల్లా లేవబోయాడు. "మాస్టారు గారా? సార్, నేను రాశానండీ, పుస్తకంలో మూడుసార్లు రాశాను. మీరైతే చదువుతారు సార్. ఒక్కసారి చూడండి."

"చూస్తాను కరీముల్లా" అన్నాను.

అప్పటికే చూశాను.

తర్వాత

కరీముల్లా మీద పెట్టిన కేసు ఏళ్ళ తరబడి నడిచి సాక్ష్యం లేదని కొట్టేశారు. అప్పటికి చేసేందుకు ఏమీ మిగల్లేదు. ఐసు ఫ్యాక్టరీల వాళ్ళెవరూ అతన్ని పెట్టుకోలేదు. అందరూ జిల్లా పేజీ చదివినవాళ్ళే. ఒక కన్ను పూర్తిగా పోయింది. బందరులో రోల్డ్ గోల్డ్ నగలకు పూత వేసే చోట, ఆమ్లం తొట్ల దగ్గర పనికి కుదిరాడని విన్నాను.

నాకు ఆ సంవత్సరం పెద్ద గది ఇచ్చారు. సంక్షోభాన్ని ఎలా ఎదుర్కోవాలో చెప్పమని హైదరాబాదులో సభలకు పిలిచారు. ఆ ప్రమాదం గురించే చెప్పాను. ఒక్క మాట మీద నిలబడ్డామని, కొనుగోలుదారు ఒక్కడూ తప్పుకోలేదని. చప్పట్లు కొట్టారు.

రిటైరైన కొత్తలో మోపిదేవి గుడికి వెళ్ళాను. ప్రసాదం వరసలో నా వెనక ఉన్న పెద్దాయన భుజం తట్టారు. "మాస్టారు గారు కాదూ? నా పేరు వీరాస్వామండీ, కృత్తివెన్ను. ఆ తెగులొచ్చిన ఏడు మీ ఆఫీసు ముందు ట్రాక్టరేసుకుని కూర్చుంది నేనే. డీజిలని వెటకారం చేసింది కూడా నేనే లెండి."

నేను నవ్వబోయాను.

"ఆ రోజు అందరం తిట్టాం గానీ, మీ రెండో కాయితం చూశాకే నేను పిల్ల వెయ్యలేదండీ. వేసినోళ్ళు మునిగిపోయారు. మీరు మాట మార్చబట్టి నేను బతికాను. ఎప్పుడన్నా కనపడితే చెప్దామనుకున్నాను."

వరస కదిలింది. నేను కదల్లేకపోయాను. ఆ ట్రాక్టర్ల ముందు నేను నేర్చుకున్నదంతా తలకిందులని అప్పుడు తెలిసింది. నవ్వులపాలు కావడాన్ని తప్పు చేయడమనుకున్నాను. ఆ రెండో ప్రకటనే నా ఉద్యోగంలో చేసిన మంచి పని. దాన్ని అవమానంగా గుర్తుపెట్టుకుని, ఆ అవమానం మళ్ళీ రాకూడదని ఒక మనిషిని బలి ఇచ్చాను.

మర్నాడు బందరు వెళ్ళాను.

కరీముల్లా ఇల్లు ఇరుకు సందులో. అతని భార్య గుమ్మంలో నన్ను చూసి గుర్తుపట్టి, లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. అతను బయటికి వచ్చాడు. వేళ్ళ చివరలు ఆమ్లానికి తెల్లబడి ఉన్నాయి. నేను చెప్పాలనుకున్నది మొదలుపెట్టకముందే అతనే అడిగాడు.

"సార్, ఆ రోజు ఆస్పత్రిలో పుస్తకం చూస్తానన్నారు. చూశారా?"

"చూశాను."

"ఎప్పుడు చూశారండీ?"

"నువ్వు అడగడానికి ముందు రోజే. సాయంత్రం నాలుగింటికి."

అతను గోడకు ఆనుకున్నాడు. భార్య లోపలి నుంచి, "చూసే ఉంటారని నేను చెప్పలా?" అంది, అంతే. క్షమించమని అన్నాను. ఆ మాట ఆ సందులో చాలా చిన్నదిగా వినపడింది.

"నాకెందుకు చెప్తారు సార్?" అన్నాడు కరీముల్లా. కోపం లేదు, అలసట ఉంది. "నేను రాశానని నాకు తెలీదా ఏంటి? ఆ ముసలావిడుంది కదా, కృత్తివెన్ను దగ్గర. ఆవిడకి తెలీదు. ఆవిడకి చెప్పండి."

లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

పేటలో

వెంకమ్మ ఇంటి ముందు ఎండు చేపలు ఆరేసి కాకులను తోలుతోంది. నన్ను పోల్చుకోవడానికి కొంతసేపు పట్టింది. "పళ్ళు తెచ్చిన బాబువి కదూ?" అంది. మంచం వాల్చింది. నేను నేల మీద కూర్చున్నాను.

అంతా చెప్పాను. పుస్తకంలో ఏం రాసి ఉందో, ఎవరు సంతకం పెట్టారో, అతను లోపలికెళ్ళి వాల్వు ఎలా కట్టాడో, నేను నాలుగింటికి ఏం చదివానో, ఫోనులో ఏమన్నానో. ఆమె మధ్యలో ఒక్కసారి మాత్రం, "వలుపు హాల్లో ఆడోళ్ళుంటారని రాశాడా?" అని అడిగింది. "రాశాడమ్మా" అన్నాను. ఆ తర్వాత కాకులు వచ్చి వాలినా తోలలేదు.

"ఇప్పుడెలాగున్నాడు?" అంది.

"ఒక కన్ను పోయిందమ్మా."

ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"పొద్దున్నే దీపం ఎట్టినప్పుడల్లా తిట్టానయ్యా. ఏడేళ్ళు. కరీముల్లా, నీ కళ్ళు పోనూ అని, పేరెట్టి తిట్టాను. ఒక్క రోజు మానలేదు. ఆ పేరు పేపర్లో ఏశారు కదా."

"ఆ పేరు నేనే ఇచ్చానమ్మా."

"నువ్వా?"

"నేనే."

ఆమె నా మొహంలోకి చూసింది. ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. దానికి సిద్ధపడే వచ్చాను.

"మరి నీ పేరేంటి?" అంది.

ఇరవై ఏళ్ళలో నేను రాసిన దేని కిందా లేని పేరు అది. చెప్పాను. ఆమెకు సరిగ్గా వినపడలేదు, మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను. ఆమె దాన్ని రెండుసార్లు పైకి అనుకుంది, మర్నాటి పొద్దుటికి మరిచిపోకుండా.